ప్రషుత్ వాళ్ళది, తెరాన్ మాది

"టోపీ తియ్యి, బార్బా."

బార్బా ఎత్తోరె టోపీ తియ్యలేదు. మా వైపు పెద్దవాళ్ళని బార్బా అంటాం. మా పెరట్లో, నిండా జనం ఉన్న బల్ల దగ్గర, డెబ్భై ఎనిమిదేళ్ళ ఆ పెద్దమనిషి తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఎదురుగా పక్కింటి నేవా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"జలుబమ్మా," అన్నాడాయన. "గాలి తగిలితే తుమ్ములొస్తాయి."

"జలుబు చేస్తే టోపీలోంచి కొవ్వు కారుతుందా?"

నిజమే. ఏప్రిల్ ఎండకి ఆయన చెవి పక్కనుంచి సన్నగా ఏదో మెరుస్తూ జారుతోంది. నేవా చెయ్యి చాపి టోపీ లాగేసింది. బట్టతల మీద, రుమాల్లో మడిచి, ఎనిమిది ముక్కల ప్రషుత్ ఉంది. వాళ్ళింటి ప్రషుత్. ఉప్పు పట్టించి, ఏడాదిన్నర గాలికి ఎండబెట్టిన పంది తొడని కాగితం అంత పల్చగా కోస్తే వచ్చే ముక్కలు.

"ఈ పెరట్లో ఇంకెవరి దగ్గరుంది మా ప్రషుత్?" అని ఒక్క కేక వేసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పదకొండు మంది టోపీలు తడుముకున్నారు. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. మా చర్చి ఫాదర్‌గారు ప్రార్థన పుస్తకం టక్కున మూసేశారు. పేజీల మధ్యనుంచి ఎర్రటి అంచు కనబడుతూనే ఉంది.

నేను చేతిలో వైన్ కూజాతో గుమ్మంలో నిలబడిపోయాను. నేవా నావైపు తిరిగింది.

"నీకు తెలీదా, స్టోయాన్? మీ బల్లల మీద మా సరుకు నడుస్తోందని?"

"టోపీలు వెతికి వైన్ పొయ్యడం మా ఇంటి పద్ధతి కాదు."

"ఇన్‌స్పెక్టర్ వస్తే మీ కొమ్మా దింపేస్తాడు, మా కొమ్మా దింపేస్తాడు, ఇద్దరి అమ్మకాలూ మూతపడతాయి. అప్పుడు తెలుస్తుంది పద్ధతి."

వంటింటి కిటికీలోంచి మా నోనా తల బయటికొచ్చింది. నోనా అంటే మా నాన్నమ్మ. ఎనభై దాటినా ఆమె గొంతు చర్చి గంటతో పోటీ పడుతుంది.

"ఏమే పిల్లా! మా పలక మీద ప్రషుత్ లేదా? వాళ్ళ ముందు పెట్టిందేంటి మరి?"

అందరూ తమ ముందున్న చెక్క పలకల వైపు చూశారు. ఉడికించిన గుడ్లు ఖాళీ. జున్ను ఖాళీ. ఆవఘాటు కొట్టే హ్రెన్ వేరు తురుము కూడా ఖాళీ. మా ప్రషుత్ మాత్రం పెట్టింది పెట్టినట్టు ఉంది. నేవా ఒక ముక్క తీసి బల్ల అంచు మీద కొట్టింది. టక్ టక్ మంది.

"నోనా, దీంతో మేకులు కొట్టచ్చు."

"మీ వైన్ కన్నా నయమే! మీ వైన్ పోస్తే మా గాజు గ్లాసు పగిలిందే!"

జనం పకపకా నవ్వారు. నేవా మొహం ఎర్రబడింది. ఆ ఎరుపు చూసి నా నోరు ఊరుకోలేదు.

"వాళ్ళ వైన్ అంత చెడ్డదేం కాదు, నోనా," అన్నాను.

నవ్వులన్నీ ఆగిపోయాయి.  నేవా నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది. అది కోపం కాదు, కృతజ్ఞత అసలే కాదు. సంతలో పందిని కొనేముందు అటూ ఇటూ తిప్పి చూసే చూపు.

"ఓహో," అని, ఎనిమిది ముక్కలూ రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మా ఊరి బాధేమిటో ఇక్కడ చెప్పకపోతే మీరు నన్నే తప్పు పడతారు.

కింద ట్రియెస్టే నగరం, సముద్రం. పైన మా రాతి పీఠభూమి. మట్టి తక్కువ, గాలి ఎక్కువ. పాత చక్రవర్తుల కాలం నుంచి మా రైతులకి ఒక హక్కుంది. ఏడాదిలో కొన్ని రోజులు ఇంటి పెరడు తెరిచి, మన పొలంలో పండిందీ మన దొడ్లో పెరిగిందీ మన బల్ల మీదే అమ్ముకోవచ్చు. ఇల్లు తెరిచామని గుర్తుగా దారి మలుపులో ఐవీ అనే పచ్చటి పాకుడు తీగ కొమ్మ కడతాం. ఒకరు కొమ్మ దింపాక ఇంకొకరు కడతారు. పలక మీద పెట్టేది మాత్రం ప్రతి ముక్కా సొంతానిదే అయ్యుండాలి. పక్కింటి కోడిగుడ్డు పెట్టినా నేరమే.

చట్టం మంచిదే. దేవుడే సరిగ్గా పంచలేదు. మా తెరాన్ వైన్ నల్లటి ఎరుపు, నాలుక అంచులు పట్టి లాగే పులుపు, ఈ చుట్టుపక్కల దాన్ని మించింది లేదు. మా ప్రషుత్ సంగతి చూశారుగా. నేవా వాళ్ళ ప్రషుత్ నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది. వాళ్ళ వైన్ తాగితే తాగినవాడు కరిగిపోతాడు. ఆ కొవ్వుకి ఈ పులుపు కావాలి, ఈ పులుపుకి ఆ ఉప్పు కావాలి. మధ్యలో ఒక రాతిగోడ, దాని మీద చట్టం.

అందుకే దొంగరవాణా. వాళ్ళిల్లు తెరిచినప్పుడు కొన్న ప్రషుత్ టోపీల్లో మా పెరట్లోకి వస్తుంది. మా తెరాన్ కాఫీ ఫ్లాస్కుల్లో, దగ్గుమందు సీసాల్లో వాళ్ళ పెరట్లోకి పోతుంది. ఒకసారి మూడు నెలల పసివాడి పాలసీసాలో కూడా పోయింది. ఆ పసివాడి తప్పేమీ లేదు.

దీనికి మా ఊరు ఒక శాశ్వత పరిష్కారం కనిపెట్టింది. నేనూ నేవా పెళ్ళి చేసుకుంటే రెండు పొలాలూ ఒకటవుతాయి. అప్పుడు ఆ ప్రషుత్, ఈ తెరాన్ ఒకే పలక మీద, చట్టప్రకారం, టోపీలూ ఫ్లాస్కులూ లేకుండా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ పలక మీద హ్రెన్ ఎడమవైపు ఉండాలా కుడివైపా అని మంగలి కొట్లో రెండు వర్గాలు కూడా తయారయ్యాయి. నా పెళ్ళి గురించి మాట్లాడని వాళ్ళు ఊళ్ళో ఇద్దరే. నేనూ, నేవా.

ఇందులో నా ఖర్మ ఏమిటంటే, నేను నిజంగానే ఆమెని ప్రేమించాను.

రెండేళ్ళ కిందటి చలికాలంలో, బోరా గాలి మనుషుల్ని గోడలకేసి కొడుతున్న రోజున, వాళ్ళ అటక కిటికీ దగ్గర ఆమె కనబడింది. లోపల వేలాడే పంది తొడలకి గాలి తగలాలని తలుపు రెక్కని రెండు చేతులా పట్టుకుని, జుట్టు నిలువునా లేచిపోతుంటే, మాట వినని కుక్కని తిట్టినట్టు గాలిని తిడుతోంది. "నెమ్మది! నెమ్మది అంటుంటే నీక్కాదూ!" నేను దారి మధ్యలో నిలబడిపోయాను. అప్పుడు నాకు ఆకలి కూడా లేదు. ఈ మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు.

మే నెలలో వాళ్ళ కొమ్మ కట్టారు. మొదటిరోజే వెళ్ళి కూర్చున్నాను. నేవా పలక తెచ్చి నా ముందు పెట్టింది. ప్రషుత్, గుడ్లు, ఊరగాయ దోసకాయలు.

"తాగడానికి?" అంది. "ఫ్లాస్కులో తెచ్చుకున్నావా, సీసాలోనా?"

"మీ వైనే ఇవ్వు."

పక్క బల్ల దగ్గర ఎవరో చెంచా కింద పడేశారు.

"గ్లాసా?"

"అర లీటరు."

ఆమె తెచ్చింది. పోసింది. ఎదురుగా నిలబడి చేతులు కట్టుకుంది. నేను గుక్క మింగాను. నా కడుపు నన్ను పేరు పెట్టి పిలిచింది.

"ఎలా ఉంది?"

"బాగుంది," అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుస్తున్నావేం?"

"ఆనందం."

"అయితే ఇంకో అర లీటరు తెస్తా. బాగుందన్నవాడికి కొసరు పొయ్యకపోతే మా ఇంటికి పాపం."

ఇంకో అర లీటరు తెచ్చింది. తాగాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అలా తొమ్మిది రోజులు. బార్బా ఎత్తోరె నా భుజం తట్టి, "ఊరి కోసం ప్రాణాలు ఇచ్చినవాళ్ళ పేర్లు చర్చి గోడ మీద చెక్కుతారు, నాయనా. నీదీ చెక్కిస్తాం," అన్నాడు.

తొమ్మిదో రోజున నేవా నా ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"ఎందుకొస్తున్నావ్ రోజూ?"

"నీ కోసం."

"అబద్ధం."

"నిజం, నేవా."

"మా వైన్ బాగుందన్న నోటితో నిజం ఎలా వస్తుంది?" నవ్వలేదు. గొంతు తగ్గించింది. "నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకడు నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని 'అబ్బ, ఏం వాసన' అన్నాడు. అప్పుడే ఉప్పు పట్టించి వచ్చాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా అంతే. కబుర్లు నాతో, కళ్ళు నా వెనక వేలాడే తొడ మీద. నన్ను చూసి ఒక్కడైనా లొట్టలేశాడా?"

"నేను వేశాను," అన్నాను.

ఆ క్షణంలో నా దరిద్రం కొద్దీ నా చేతిలో ప్రషుత్ ముక్క ఉంది.

నేవా లేచి, పలక తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సగం తిన్న పలక. మా ఊళ్ళో ఒక మనిషికి జరగగల అవమానాల్లో అది రెండోది. మొదటిది కొమ్మ దింపించడం.

ఆ తర్వాత మూడు నెలలు ఆమె నాతో మాట్లాడలేదు. నేను కనబడితే గోడ అవతలికి తిరిగేది. గోడకీ ఆమెకీ మధ్య అంత స్నేహం నాకు అసూయ పుట్టించింది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం ద్రాక్షతోటలో గుత్తులు చూసుకుంటున్నాను. ఉన్నట్టుండి వాన. మా రాతినేల మీద వాన చినుకులు లెక్కపెట్టనివ్వదు, కుమ్మరిస్తుంది. తోట చివర గొర్రెల కాపరులు ఎప్పుడో కట్టుకున్న రాతి గుడిసె ఉంది. అందులోకి పరిగెత్తాను. అక్కడ అప్పటికే ఒక పంది నిలబడి ఉంది.

దాని వెనకే నేవా, జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, ఒక చెప్పు చేతిలో పట్టుకుని.

"తప్పించుకుంది," అంది.

"పట్టుకున్నావుగా."

"నేను పట్టుకోలేదు. వానకి అదే ఆగింది."

ఆ గుడిసెలో ఇద్దరు మనుషులు పడితే గొప్ప. మా మధ్య నూట నలభై కిలోల పంది. దాని వీపు మీదుగా నాకు ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కనురెప్పల మీద నీటిబొట్లు. ఒకటి రాలింది. ఇంకోటి తయారైంది. వాన జన్మలో ఆగకూడదని మొక్కుకున్నాను.

"ఒక నిజం చెప్తావా?" అంది.

"అడుగు."

"మా వైన్ ఎలా ఉంటుంది?"

పంది నావైపు చూసింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"ఘోరంగా ఉంటుంది."

"ఎంత ఘోరం?"

"మొదటి గుక్కకి తడిసిన గోనెసంచి. రెండో గుక్కకి వెనిగర్. మూడో గుక్క నుంచి ఏం తెలీదు, నాలుక చచ్చిపోతుంది. తొమ్మిది రోజులు తాగానా, పదో రోజు నోనా సూప్ పెడితే అందులో ఉప్పుందో లేదో చెప్పలేకపోయాను. మీ నాన్న పీపాలు కడగడు, నేవా. సగం ఖాళీ అయిన పీపాకి గాలి తగలనిస్తాడు. అందులోకి దిగిన ఈగ కూడా తప్పతాగి చావదు, బాధతో చస్తుంది."

నేవా మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు ఎగిరిపడుతున్నాయి. అయిపోయింది, ఏడిపించేశాను అనుకున్నాను. చేతులు తీసింది. నవ్వుతోంది. పగలబడి, ఊపిరాడకుండా నవ్వుతోంది. పంది భయపడి ఒక అడుగు వెనక్కేసి నా కాలు తొక్కింది.

"మరి బాగుందని ఎందుకు చచ్చావ్?"

"ఎదురుగా నువ్వున్నావు కదా!"

"అదే నువ్వు చేసిన తప్పు. మా వైన్ సంగతి నాన్నకి తెలుసు, నాకు తెలుసు, దీనికీ తెలుసు," అని పంది వీపు తట్టింది. "నేను 'ఎలా ఉంది' అని అడిగేది వైన్ గురించి కాదు, స్టోయాన్. బాగుందని ఎవడంటే వాడు ప్రషుత్ కోసం వచ్చాడన్నమాట. ఇన్నేళ్ళలో నాకు తెలిసింది అదొక్కటే."

"ఆ పరీక్ష ఉందని ఒక్క ముక్క ముందు చెప్పచ్చుగా! నా కడుపు మిగిలేది."

"ఇప్పుడు నువ్వడుగు."

"మా ప్రషుత్?"

"మీ నోనా కుళ్ళిపోతుందేమోనని భయపడి రెండుసార్లు ఉప్పేస్తుంది. పొయ్యి గొట్టం పక్కన వేలాడదీస్తుంది. అది ఎండటం కాదు. ఆ పంది రెండోసారి చావడం."

ఇద్దరం మళ్ళీ నవ్వాం. నవ్వు ఆగాక వాన చప్పుడు మిగిలింది. ఇప్పుడు అనకపోతే ఈ జన్మకి అనలేనని తెలిసింది.

"నువ్వంటే నాకు ఇష్టం, నేవా. ప్రషుత్ లేకపోయినా."

"లేకపోయినా?"

"ఈ పంది లేకపోయినా. ముఖ్యంగా ఈ పంది లేకపోతే."

ఆమె కళ్ళు కిందికి వాలాయి. 

"నాకూ నువ్వంటే ఇష్టమే. అదే నా ఏడుపు. నేను సరే అన్నాననుకో, ఊరంతా నాప్‌కిన్ మెడకి కట్టుకుని కూర్చుంటుంది. పలక మీద గుడ్డు పక్కన దోసకాయ సర్దినట్టు నన్ను నీ పక్కన సర్దేస్తారు. నేను నీ దగ్గరికి వచ్చానో, తొడ వెంట వచ్చానో నాకే తెలీకుండా పోతుంది."

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"మార్టిన్ పండగ నాడు అడుగు. అందరి ముందూ. నేనొక షరతు పెడతా. ఒప్పుకుంటే నీది ప్రేమ. లేకపోతే నువ్వూ బార్బా ఎత్తోరె లాంటివాడివే, వయసు తక్కువ, అంతే."

"ఏం షరతు?"

"చెబితే ఆలోచించుకుంటావ్. నాకు ఆలోచించుకోని జవాబు కావాలి."

వాన వెలిసింది. అందరికన్నా ముందు పంది బయటికి నడిచింది. నేవా దాని వెంట ఒంటి చెప్పుతో వెళ్ళింది.

సెప్టెంబరులో ద్రాక్ష కోశాను. అక్టోబరులో పీపాలు నింపాను. షరతు ఏమయ్యుంటుందని పగలంతా ఆలోచించి, నలభై రకాలు ఊహించి, నలభైకీ జవాబులు తయారు చేసుకున్నాను. అసలుది అందులో లేదు.

నవంబరు పదకొండు, మార్టిన్ పండగ. కొత్త వైన్‌ని ఫాదర్‌గారు దీవించే రోజు. నేవా నాన్న బార్బా డ్రాగో తన పెరడు తెరిచాడు. నేను ఆరోజు అడగబోతున్నానని నోనాకి ఒక్కదానికే చెప్పాను. అంటే ఊరందరికీ చెప్పినట్టే. జనం పిల్లాజెల్లాతో వచ్చారు. కొందరు సొంత కత్తులు తెచ్చుకున్నారు. మా వడ్రంగి రెండు మీటర్ల పొడవున చెర్రీ చెక్కతో పలక చేసి, నూనె పట్టించి, నలుగురి చేత మోయించుకొచ్చాడు.

మధ్యనున్న రాతిగోడ ఎవరిదన్న గొడవ మొదలైన దగ్గర్నుంచి నలభై ఏళ్ళుగా ఒకరి గడప ఒకరు తొక్కని మా నోనా, బార్బా డ్రాగో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఫాదర్‌గారు, గొడవ రాకుండా.

"మా వైపు నుంచి ఏడాదికి ముప్పై తొడలు," అన్నాడు బార్బా డ్రాగో.

"మా వైపు నుంచి నాలుగు వేల లీటర్లు," అంది నోనా. "మనవడు కూడా."

"ఆఁ, అమ్మాయి కూడా," అన్నాడాయన, గుర్తొచ్చినట్టు.

నేను లేచి నిలబడ్డాను.  "నేవా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాను. చుట్టూ అందరూ తలకాయలు ఊపారు, ఆవిడ తరఫున.

నేవా ప్రషుత్ కోసే పొడుగు కత్తి పట్టుకుని వచ్చింది. ఖాళీ పలక ముందు నిలబడింది.

"ఒక షరతు. పెళ్ళయినా మా పొలం మా పేరు మీదే ఉంటుంది. నాన్న తర్వాత నా పేరు మీద. మా కొమ్మ మేం కట్టుకుంటాం, మా రోజుల్లో. వాళ్ళ కొమ్మ వాళ్ళు కట్టుకుంటారు. నా ప్రషుత్ వాళ్ళ బల్ల ఎక్కదు, వాళ్ళ తెరాన్ నా బల్ల ఎక్కదు. నేను బతికున్నంత కాలం." అప్పుడు నావైపు చూసింది. "నేను వస్తా, స్టోయాన్. నా ప్రషుత్ రాదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకురా!" అని నోనా నా పాదం మీద కర్రతో పొడిచింది.

నొప్పి పైకి వచ్చేలోపే అన్నాను. "ఒప్పుకుంటా."

 వడ్రంగి తన పలక మీద చెయ్యి వేసి, శవాన్ని నిమిరినట్టు నిమిరాడు. బార్బా ఎత్తోరె నెమ్మదిగా లేచాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఏమీ అర్థంకాని పసిపిల్లాడి మొహం అది.

"అయితే," అన్నాడు, "పెళ్ళెందుకు?"

"అదే కదా!" అన్నారు నలుగురైదుగురు. ఫాదర్‌గారు కూడా ఏదో అనబోయి, తన ఉద్యోగం గుర్తొచ్చి ఆగిపోయారు.

"నాకు ఆమె కావాలి, బార్బా," అన్నాను. "అందుకు."

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ కారణం ఎవరికీ తట్టలేదని అప్పుడే తెలిసింది. వెనక బల్ల దగ్గర ఒక ముసలావిడ మాత్రం "ఓ, అలాగా" అంది, పాపం, చాలా మర్యాదగా.

నేవా కత్తి బల్ల మీద పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఉప్పుకి గరుకెక్కిన అరచెయ్యి. నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఆమె కారణం అడగలేదు.

బార్బా డ్రాగో ఇంకా బెంచీ మీదే ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒరే అబ్బాయ్. ఇలా రా. పిల్లని ఇచ్చేముందు ఒకటి అడుగుతా. నా వైన్ ఎలా ఉంటుంది?"

నేవా చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. మామగారు కాబోయే మనిషి, కొత్త వైన్ దీవించే పండగ, చుట్టూ ఊరంతా.

"ఘోరంగా ఉంటుంది, బార్బా."

ఎవరో గుండెల మీద శిలువ వేసుకున్నారు.  బార్బా డ్రాగో పెద్దగా నిట్టూర్చాడు.

"నా మొహం మీద ఈ మాట అనడానికి ముప్పై ఏళ్ళు పట్టింది ఈ ఊరికి. టోపీలో తొడ ముక్క దాచుకుని, ఫ్లాస్కులో వైన్ తెచ్చుకుని, నా ఎదురుగా 'బాగుంది డ్రాగో, బాగుంది' అన్నారు, దొంగ సచ్చినోళ్ళు." లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పిల్లని తీసుకో. వచ్చే ఏడు నా పీపాలు కడిగి పెట్టు."

నోనా కూడా దీవించింది, మొహం అటు తిప్పుకుని. "పిల్ల గట్టిదే," అని గొణిగింది. "మా ప్రషుత్ లాగా."

జనవరిలో పెళ్ళయింది. మేం మా ఇంట్లోనూ కాకుండా, వాళ్ళ ఇంట్లోనూ కాకుండా, రాతిగోడ చివరున్న పాత గొడ్లసావిడి బాగుచేసుకుని కాపురం పెట్టాం. మొదటి ఆదివారం మధ్యాహ్నం. బయట బోరా ఈలలు వేస్తోంది. నేవా వాళ్ళ అటక మీదనుంచి ఒక తొడ దింపుకొచ్చింది. నేను మా నేలమాళిగలోంచి ఒక కూజా తెరాన్ తెచ్చాను. చట్టం అమ్మే బల్లకే గానీ తినే బల్లకి కాదు. నలభై ఏళ్ళ పంతంతో రెండిళ్ళవాళ్ళూ ఆ సంగతే మర్చిపోయారు.

జానెడు పలక మా ఇద్దరి మధ్య. ఆమె కోసింది, నేను పోశాను. ఒక ముక్క, ఒక గుక్క.

నేవా కళ్ళు మూసుకుంది. నేను గ్లాసు కింద పెట్టడం మర్చిపోయాను.  ఊరివాళ్ళ మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క గుక్కతో పోయింది. దీనికోసం పరాయివాళ్ళకి పెళ్ళి చెయ్యడం ఏమంత నేరం కాదనిపించింది.

కిటికీ మీద దబదబా బాదారు. తీస్తే బార్బా ఎత్తోరె. గాలికి కోటు ఎగిరిపోతోంది, ముక్కు ఎర్రబడింది, చూపు మా పలక మీదే ఉంది.

"అప్పుడే కోసింది, అప్పుడే పోసింది, రెండూ కలిపి!" అన్నాడు వణుకుతూ. "చెప్పండర్రా, ఎలా ఉంది?"

నేవా నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను.

"మామూలే, బార్బా," అంది నేవా.

"కాస్త ఉప్పెక్కువ," అన్నాను నేను.

ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. భుజాలు కిందికి జారాయి. "ఓస్, ఇంతేనా," అన్నాడు. మొహంలో ఏళ్ళ బరువు దిగినట్టయింది. "నేనేదో పోగొట్టుకున్నానని ఇన్నాళ్ళూ..." అనుకుంటూ గాలికి ఎదురు నడిచి వెళ్ళిపోయాడు.

మా కాపురంలో మొదటి అబద్ధం అదే. ఇద్దరం కలిసి ఆడాం. నేవా కిటికీ గడియ పెట్టి వచ్చి రెండో ముక్క కోసింది.